హెల్ప్‌స్టన్ పొలాల కవి జాన్ క్లేర్

ఇంగ్లండు తూర్పు భాగంలో పీటర్‌బరో, స్టామ్‌ఫర్డ్ పట్టణాల నడుమ హెల్ప్‌స్టన్ అనే చిన్న గ్రామం కలదు. నడివీధిలో మధ్యయుగాల నాటి రాతిశిలువ, దాని సమీపంలో సెయింట్ బోటాల్ఫ్ పేర వెలసిన ప్రాచీన చర్చి, సున్నపురాతితో కట్టిన ఇళ్ళు ఆ ఊరి ముఖ్య చిహ్నాలు. దక్షిణాన అడవులూ బీళ్ళూ గల మిట్ట. ఉత్తర తూర్పు దిక్కులలో చదునైన చిత్తడి పల్లపు భూములు. యాత్రికులు వెదకి చూడదగిన వింత ఏదీ అక్కడ లేదు. అట్టి మామూలు పల్లె ఆంగ్ల సాహిత్యంలో నిలిచిపోవడానికి కారణం ఒక వ్యవసాయ కూలీ కుమారుడు.

జాన్ క్లేర్ 1793 జూలై 13న ఆ గ్రామంలో జన్మించినాడు. తండ్రి పార్కర్ క్లేర్ కళ్ళాలలో ధాన్యం నూర్చే కూలి. జానపద గేయాలు విస్తారంగా పాడగలిగినవాడు. తల్లికి అక్షరజ్ఞానం లేదు. బాలుడు పొలం పనులు లేని దినాలలో పొరుగున ఉన్న గ్లింటన్ గ్రామంలోని చర్చి బడిలో చదువుకొన్నాడు. మేరీ జాయిస్ అనే రైతుబిడ్డపై అక్కడ కలిగిన అనురాగం ఫలించకపోయినా జీవితాంతం అతనిని వీడలేదు. పదమూడవ ఏట ఒక నేతగాని వద్ద జేమ్స్ థామ్సన్ రచించిన ఋతువర్ణన కావ్యం చూచి, స్టామ్‌ఫర్డ్ వెళ్ళి ప్రతి కొని తెచ్చుకొన్నాడు. త్రోవలో బర్లీ ప్రభువుల ఉద్యానవనపు గోడ దూకి, లోపల కూర్చుండి చదివినాడు. కవిత అల్లడం ఆ దినముననే ఆరంభమైనది.

అతని బాల్యంలో హెల్ప్‌స్టన్ భూములకు కంచెలు బహు తక్కువ. సాగుభూమి అంతా మూడు పెద్ద పొలాలుగా ఉండేది. రైతుల చెక్కలు వాటిలో అక్కడొకటి ఇక్కడొకటిగా చెల్లాచెదరుగా ఉండేవి. ప్రతి ఏటా ఒక పొలాన్ని బీడు వదలేవారు. కోతలైన పొలాలలోనూ, బీళ్ళలోనూ ఊరి పశువులు మేసేవి. పేదవాడు వంటచెరకు ఏరుకొనేవాడు, ఆవునో గొఱ్ఱెనో మేపుకొనేవాడు. మందబయలు, పోరంబోకు అన్న మాటలు ఎరిగినవారికి ఆ భూమి విలువ వేరుగా వివరింపనక్కరలేదు.

1809లో పార్లమెంటు ఆ ప్రాంతపు ఉమ్మడి భూములను విభజించి కంచెలు వేయించడానికి చట్టం చేసినది. సర్వేదారులు వచ్చి కొలతలు వేసినారు. వంకరటింకర బాటలు మూసి సూటి రోడ్లు వేసినారు; సెలయేళ్ళ దారి మార్చినారు; పాత చెట్లు పడగొట్టినారు. దీనివలన పంట పెరిగినదని వాదించినవారు లేకపోలేదు. ఆ వాదంలో కొంత నిజమూ ఉన్నది. కాని పెరిగిన పంట పొలం ఉన్నవానికి చేరినది. మేతబీడు పోయినది పొలం లేనివానికి. క్లేర్ స్వయంగా ఆ కంచెలు వేసి ముళ్ళకంపలు నాటే కూలీలలో ఒకడు. తన బాల్యం తిరిగిన బయలును తన చేతులతోనే మూయవలసి వచ్చినది. వేరే కూలి దొరకడం కష్టం.

భూవిభజన తుది పత్రం 1820లో పూర్తి అయినది. అదే సంవత్సరం జనవరిలో, కవి కీట్స్ గ్రంథాలను వెలువరించిన టేలర్, హెస్సీ సంస్థ క్లేర్ తొలి కవితా సంపుటాన్ని లండనులో ప్రకటించినది. సంవత్సరం తిరిగేలోగా నాలుగు ముద్రణలు జరిగినవి. ఆ వేసవికి ముందే అతడు పాటీ టర్నర్‌ను వివాహమాడినాడు. గొప్పవారు బండ్లు కట్టుకొని రైతుకూలీ కవిని చూడవచ్చేవారు. పనిలో ఉన్నవాడు పొలం వదలి ఇంటికి రావలసి వచ్చేది, ఆనాటి కూలి పోయేది. పోషకులలో ఒక ప్రభువు ధనికులను నిందించే పంక్తులు తొలగించాలని పట్టుబట్టినాడు. పల్లెమాటలను ప్రచురణకర్త దిద్దినాడు. కంచెలపై క్లేర్ రచించిన తీవ్రమైన కవిత అతని జీవితకాలంలో అచ్చు కాలేదు.

పూర్వం న్యాయసభలు జరిగిన లాంగ్లీ బుష్ అనే ముళ్ళచెట్టు 1823లో నశించినది. రోమనుల కాలపు రాతిగని, పిదప పచ్చికబయలు అయిన స్వోర్డీ వెల్ రోడ్ల కంకర కొరకు కేటాయింపబడినది. క్లేర్ ఒక కవితలో ఆ నేల చేతనే తన దీనగాథ చెప్పించినాడు. పిట్టగూటి అల్లికను, గుడ్లపై మచ్చలను అంత దగ్గరగా చూచి వ్రాసిన కవులు అరుదు.

పిమ్మటి గ్రంథాలు అంతగా అమ్ముడుపోలేదు. సంసారం పెరిగినది. 1832లో శ్రేయోభిలాషులు మూడు మైళ్ళ దూరాన నార్త్‌బరోలో కొంచెం పెద్ద ఇల్లు ఏర్పాటు చేసినారు. దేశమంతటా బదిలీలకు అలవాటైనవారికి మూడు మైళ్ళు ఒక దూరమా అనిపించవచ్చును. క్లేర్‌కు అది పరాయి దేశమే అయినది. 1837లో మతి చలించి ఎసెక్సులోని ఒక చికిత్సాలయంలో చేరినాడు. 1841 జూలైలో అక్కడినుండి తప్పించుకొని, చేతిలో డబ్బు లేకుండా, నాలుగు రోజులలో సుమారు 80 మైళ్ళు ఇంటివైపు నడచినాడు. ఉదయం దిక్కు తెలియడానికి తలను ఉత్తరానికి పెట్టి పరుండేవాడు; ఆకలికి బాట ప్రక్కని గడ్డి తిన్నాడు. అతని మనసులో మేరీయే భార్య. ఆమె 1838లోనే మరణించినది. ఎదురు వచ్చిన బండి దిగి పాటీ పలకరిస్తే ఆమెను గుర్తింపలేకపోయినాడు.

అదే సంవత్సరం డిసెంబరులో నార్తాంప్టన్ ఆశ్రయశాలకు పంపినారు. ఇరువది రెండు సంవత్సరాలకు పైగా అక్కడనే ఉన్నాడు. ఆ ఆశ్రయశాల ఉద్యోగి విలియం నైట్ అతని కవితలకు నకళ్ళు వ్రాసిపెట్టినందువలన అవి దక్కినవి. క్లేర్ 1864 మే 20న మరణించినాడు. దేహాన్ని హెల్ప్‌స్టన్‌కు తెచ్చి సెయింట్ బోటాల్ఫ్ చర్చి ఆవరణలో పూడ్చినారు. పచ్చగడ్డి పెళ్ళలో పూలు గుచ్చి ఇళ్ళలో అలంకరించే ఒక పాత వేసవి ఆచారాన్ని క్లేర్ వ్రాసిపెట్టినాడు. దానిని అనుసరించి అతని జన్మదిన సమయంలో ఆ ఊరి బడిపిల్లలు అట్టి పూలగడ్డి పెళ్ళలు తెచ్చి ఆ సమాధి చుట్టూ పేర్చే సంప్రదాయం ఏర్పడినది.