గోపామావ్ నుంచి వచ్చిన ఫౌజుదారు

ఉద్యోగం పలాసలో వచ్చిందనగానే మన ఇళ్లల్లో మొదట జీతం గురించి అడగరు. అక్కడ మనవాళ్లున్నారా, జుమాకు ఎక్కడికెళ్లాలి, అద్దెకు ఇల్లిస్తారా, హలాల్ మాంసం దొరుకుతుందా అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. గుంటూరు నుంచో కర్నూలు నుంచో బ్యాంకుకో, రైల్వేకో, బడికో బదిలీ అయి టెక్కలిలో దిగిన కుటుంబానికి మొదటి రంజాన్ ఎలా గడుస్తుందో గడిపినవాళ్లకే తెలుస్తుంది.

కానీ ఆ దారిన రోజీ కోసం వచ్చినవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. మూడొందల ఏళ్ల కిందట ఉత్తరాది నుంచి ఒక పెద్దమనిషి ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు అయ్యాడు. చరిత్ర పుస్తకాలు ఆయన్ని ఆర్కాటు నవాబుగానే గుర్తు పెట్టుకున్నాయి. శ్రీకాకుళంలో చేసిన కొలువుకు మాత్రం ఒకటి రెండు వాక్యాలే దక్కాయి. ఆయనే అన్వరుద్దీన్ ఖాన్.

పుట్టింది 1672 ప్రాంతంలో. ఊరు గోపామావ్, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో హర్దోయీ జిల్లాలో ఉంది. చిన్న ఊరే అయినా చదువుకు పేరున్న ఊరు. ఆ కుటుంబం తమ వంశం రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ దాకా వెళ్తుందని చెప్పుకునేది. తండ్రి మహమ్మద్ అన్వర్ మతగ్రంథాలు బాగా చదివిన ఆలిం, హజ్ చేసి వచ్చినవాడు. ఆ పాండిత్యం వల్లే ఔరంగజేబు కొలువులో చోటు దొరికింది. కొడుక్కి ఆస్తి కంటే ఆ పేరే ఎక్కువగా దక్కింది.

కుర్రాడి మొదటి ఉద్యోగాలు అంత గొప్పగా సాగలేదు. కోరా జహానాబాద్‌లో శిస్తు వసూలు చూశాడు. అక్కడ లెక్క తేలక వదిలేసి వచ్చాడని పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. ఆ తర్వాత సూరత్ వైపు కొన్నాళ్లు. ఢిల్లీలో రోజుకో పాదుషా మారుతున్న కాలమది. ఎవరి నీడన నిలబడితే పూట గడుస్తుందో తెలియని రోజులు. చివరికి ఆయన పట్టుకున్న నీడ నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా. 1724 అక్టోబరులో శకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి నిజాం దక్కన్‌ను చేతికి తీసుకున్నాడు. వెంటనే ఆంధ్ర తీరానికి తన మనుషుల్ని పంపాడు. రాజమండ్రికి రుస్తుం ఖాన్, శ్రీకాకుళానికి అన్వరుద్దీన్. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మన లెక్కలో రిటైర్మెంటుకు దగ్గర పడిన వయసు.

శ్రీకాకుళం అంటే ఇప్పటి జిల్లా ఒక్కటే అనుకోకండి. ఫార్సీ కాగితాల్లో సికాకోల్ సర్కారు. దానికి మూడు భాగాలు: ఇచ్ఛాపురం, కాశింకోట, నడుమ శ్రీకాకుళం. ఉత్తరాన చిలకా సరస్సు దాకా వెళ్లేది. దాటితే కటక్, అంటే బెంగాల్ నవాబు పెత్తనం. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట మీదుగా ఇచ్ఛాపురం వెళ్లే ఈ దారి అప్పుడు రెండు సుబాలను కలిపే దారి. ఒక పక్క సముద్రం, ఉద్దానం తోటలు. ఇంకో పక్క మహేంద్రగిరి కొండలు. ఆ కొండల అంచున పర్లాకిమిడి గజపతులు, మందస, టెక్కలి, జలంత్ర, బుదరసింగి జమీందార్లు. దక్షిణాన 1713లో విజయనగరం కోట కట్టుకున్న పూసపాటివారు, ఆ పక్కనే బొబ్బిలివారు.

బొబ్బిలి గురించి ఇక్కడ ఓ మాట చెప్పాలి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇదే ఫౌజుదారీ చేసిన షేర్ మహమ్మద్ ఖాన్ పేరు మీదే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని ఆ సంస్థానం కథ. షేర్ అంటే పులి కదా. పెద్దపులి, పెబ్బులి, అలా బొబ్బిలి. శ్రీకాకుళం జామియా మసీదు కట్టించింది కూడా ఆయనేనంటారు. అంటే అన్వరుద్దీన్ వచ్చేసరికి నమాజుకు చోటుంది, ఓ చిన్న ముస్లిం సమాజం ఉంది. కానీ పట్నం పొలిమేర దాటి టెక్కలి దారి పట్టాక లోకం వేరు. ఊళ్లల్లో వినిపించేవి తెలుగు, ఒడియా. లెక్కలు రాసేది కరణాలు. జనం మొక్కేది గ్రామదేవతలకు, జగన్నాథుడికి. ఫార్సీ చదివిన పెద్దమనిషికి ఆ లెక్కల్లో ఒక్క అక్షరం అర్థం కాదు.

ఒకటి మాత్రం దాచకూడదు. ఆయన మనలా ట్రంకుపెట్టెతో దిగలేదు, సైన్యంతో వచ్చాడు. ఊరివాళ్ల దృష్టిలో ఫౌజుదారు అంటే మతం తర్వాత సంగతి, ముందు పేష్కష్ వసూలు చేసేవాడు. ఆయన్ని ఎవరూ ఎదురెళ్లి దండ వేసి పిలవలేదు. అయినా సైన్యం ఉన్నంత మాత్రాన పని జరిగిపోదు. పంట కొలవాలంటే కరణం కావాలి. సొమ్ము రాబట్టాలంటే జమీందారు కావాలి. జమీందారుకు కోపమొస్తే వెనక కొండ ఉంది, అడవి ఉంది, ఆ దారులు తెలిసిన పైకులున్నారు. మైదానంలో గుర్రం మీద తిరిగిన సైనికుడికి వర్షాకాలంలో మహేంద్రగిరి కింద పట్టేది జ్వరమే.

రాజమండ్రిలో రుస్తుం ఖాన్ ఈ చిక్కుకు కత్తి పట్టుకున్నాడు. జమీందార్లను తుడిచిపెట్టిన కఠినుడిగా ఆయన పేరు కంపెనీ దొరల రిపోర్టుల దాకా ఎక్కింది. శ్రీకాకుళం ఫౌజుదారు మీద అలాంటి కథ మిగల్లేదు. మంచితనమో, లౌక్యమో అనుకోండి. నాకైతే లౌక్యమే ఎక్కువ అనిపిస్తుంది. జమీందార్లను ఉండనిచ్చి, వాళ్ల చేతే వసూలు చేయించి, హైదరాబాదుకు పంపాల్సింది పంపుతూ సుమారు పదహారేళ్లు నెట్టుకొచ్చాడు. కచేరీ, జమాబందీ, రసీదు, ఫిర్యాదు, వకీలు లాంటి మాటలు మన తెలుగులో ఇలాంటి కచేరీల్లోంచే స్థిరపడ్డాయి. ఇవాళ టెక్కలి కోర్టు బయట నిలబడే రైతు వాటిని పరాయి మాటలు అనుకోడు.

ఆ కొలువు చివర్లో జరిగిన ఒక సంగతి ఈ దారి మీదిదే. 1741లో బెంగాల్ నవాబు అలీవర్దీ ఖాన్ ఒడిశా మీదికి వచ్చాడు. అక్కడి నాయబు రెండో ముర్షిద్ కులీ ఖాన్ బాలాసోర్ దగ్గర ఓడిపోయి, ఓడెక్కి మచిలీపట్నం చేరుకున్నాడు. భార్య దుర్దానా బేగం, ఇల్లాళ్లు, సొమ్ము కటక్‌లో చిక్కుకుపోయారు. వాళ్లను బయటపడేసింది ఖుర్దా రాజు. ఈ రాజు కథ ఇంకా విచిత్రం. రామచంద్రదేవుడు అనే ఈయన ఇస్లాంలోకి మారి హాఫిజ్ ఖాదిర్ అయ్యాడు, అయినా పూరీ జగన్నాథుడి రాజుగానే ఉన్నాడు. గుడిలోకి రానివ్వరు కాబట్టి బయటి నుంచే దర్శనం చేసుకునేలా సింహద్వారం దగ్గర పతితపావన మూర్తిని ఆయన కోసమే పెట్టారని పూరీలో చెప్పుకుంటారు. ఆ రాజు తన సేనాని షా మురాద్‌ను తోడిచ్చి బేగం కుటుంబాన్ని దక్షిణానికి పంపించాడు. వాళ్లు వచ్చి ఆగింది ఇచ్ఛాపురంలో. అక్కడ ఆశ్రయమిచ్చి మర్యాదగా చూసుకున్నది అన్వరుద్దీన్. తరిమినవాడు ముస్లిం, పారిపోయినవాడు ముస్లిం, దాటించింది జగన్నాథుడి రాజు. ఈ కథలో ఎవరు ఎవరివైపో మతం చూసి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

తర్వాత ఆర్కాటు. అసలు పరాయితనం ఆయనకు అక్కడే ఎదురైంది.

ఆర్కాటులో దర్బారు ముస్లింలది. కోటల్లో కిల్లేదార్లు ముస్లింలు. మసీదులు, ఖాజీలు, ఫార్సీ, అన్నీ ఉన్నాయి. ఒక ఆలిం కొడుక్కి ఇంతకంటే సొంత చోటు ఏముంటుంది? కానీ ఆ దర్బారు నవాయత్ కుటుంబాలది. కొంకణ తీరాన స్థిరపడిన అరబ్బుల సంతతిగా వాళ్లకు పేరు. 1710 నుంచి సాదతుల్లా ఖాన్, ఆయన తర్వాత దోస్త్ అలీ పాలించారు. కోటలన్నీ బావమరుదులు, అల్లుళ్లు పంచుకున్నారు. 1740లో దోస్త్ అలీ మరాఠాల చేతిలో దామల్‌చెరువు కనుమ దగ్గర చనిపోయాడు. కొడుకు సఫ్దర్ అలీని 1742లో వేలూరులో బావ ముర్తజా అలీ చంపించాడు. మిగిలింది చిన్నపిల్లాడు సయ్యద్ మహమ్మద్. నిజాం 1743లో సైన్యంతో దిగి ఖ్వాజా అబ్దుల్లా ఖాన్‌ను నవాబుగా పెట్టాడు. ఆయన పదవి చేపట్టకుండానే ఓ ఉదయం చనిపోయి కనిపించాడు. ఆ ఖాళీలోకి 1744లో అన్వరుద్దీన్ వచ్చాడు. పిల్లవాడు పెద్దయ్యేదాకా సంరక్షకుడు కూడా ఆయనే.

కొన్ని నెలలకే ఆర్కాటులో ఒక పెళ్లి జరిగింది. జీతాల బకాయి కోసం గొడవ పడుతున్న పఠాన్ సిపాయిలు ఆ పిల్లవాణ్ణి అందరి ముందే పొడిచి చంపేశారు. కొందరు ముర్తజా అలీ చేయించాడన్నారు, ఎక్కువమంది అన్వరుద్దీనే అన్నారు. రుజువు కాలేదు. నిజాం ఆయన్నే నవాబుగా ఖాయం చేశాడు. కానీ నవాయత్ ఇళ్లల్లో ఆ మాట పోలేదు. ఒకే కల్మా చదివేవాళ్లు, ఒకే సఫ్‌లో నిలబడేవాళ్లు ఆయన్ని తమ పిల్లవాడి ఇల్లు లాక్కున్న పరదేశిగానే చూశారు. శ్రీకాకుళంలో ఆయన ఎవరి వారసత్వానికీ అడ్డు రాలేదు, ఇక్కడ వచ్చాడు. తేడా అదే.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో వెళ్లి అడయారు ఒడ్డున కొన్ని వందలమంది ఫ్రెంచి సేన ముందు ఓడిపోయాడు. 1748లో నిజాం కన్నుమూశాడు. పాతికేళ్లుగా పట్టుకున్న నీడ పోయింది. ఏడాది తిరిగేసరికి దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబ్, నిజాం మనవడు ముజఫర్ జంగ్, ఫ్రెంచివాళ్లు కలిసి వచ్చారు. 1749 ఆగస్టు 3న అంబూరు దగ్గర యుద్ధం జరిగింది. ముసలాయన ఏనుగు మీదే ముందుకు నడిపించాడు. తుపాకి గుండు తగిలి అక్కడే పడిపోయాడు. ఓర్మ్ ఆయనకు 107 ఏళ్లని రాశాడు గానీ నిజానికి డెబ్భై ఏడు దాకా ఉంటాయి. మహఫూజ్ ఖాన్ పట్టుబడ్డాడు. ఇంకో కొడుకు మహమ్మద్ అలీ తిరుచిరాపల్లికి తప్పించుకుపోయి, వాలాజా నవాబుగా 1795 దాకా బతికాడు.

ఆ కుటుంబం వెనకాలే గోపామావ్ నుంచి మరికొందరు చదువుకున్నవాళ్లు మద్రాసుకు దిగారు. తరాలు దక్షిణాన గడిపినా పేరు చివర గోపామవీ అని రాసుకోవడం మానలేదు. ట్రిప్లికేన్‌లో 1795లో లేచిన వాలాజా మసీదు లోపల రాతి మీద ఫార్సీలో కట్టిన తేదీ పద్యం ఉంది. దాన్ని రాసింది నవాబు కార్యదర్శి రాజా మఖన్ లాల్, ఒక హిందువు.