కాటన్ దొరగారి నీటిలెక్క

గోదావరీ మండలమున సర్ ఆర్థర్ కాటన్ నామమెరుగని వారుండరు. ఆయన విగ్రహములు కాలువగట్లపైనను, గ్రామముల కూడళ్లలోను నేటికిని పూలమాలలందుకొనుచున్నవి. కాని ఆనకట్ట ముగిసిన పిదప ఆయన సాగించిన మరియొక కృషి పలువురికి తెలియదు. దేశమునకు సంపద ఏ మార్గమున కలుగును, సర్కారు ధనమును ముందుగా దేనిపై వెచ్చింపవలెను అను ప్రశ్నలపై ఆయన ఇంగ్లండులో సభలలో ఉపన్యసించెను, గ్రంథములు వ్రాసెను, తుదకు పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. రాతికట్టకంటె ఈ వాదము కట్టుట ఆయనకు కష్టమయ్యెను.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి కొలువున ఇంజనీరుగా 1821లో మద్రాసు చేరెను. బర్మా యుద్ధమున పాల్గొని, పిమ్మట తంజావూరు సీమకు పోయి, 1836 నాటికి కొల్లడము నదిపై ఆనకట్టలు నిర్మించెను. పూర్వపు చోళరాజులు కట్టించిన కల్లణై ఇసుక పునాదిపై శతాబ్దములుగా చెక్కుచెదరక నిలిచియుండుట చూచి, రాతినేల దొరకకున్నను మహానదులకు కట్ట వేయవచ్చునని ఆయన గ్రహించెను. ఈ దేశపు ప్రాచీన శిల్పులే తనకు గురువులని తలచుట ఆయన ఘనత.

ఆనాటి గోదావరీ మండలము దైన్యస్థితిలో నుండెను. 1833 ప్రాంతపు కరవునను, 1839లో కోరంగి తీరమును ముంచిన తుఫానునను జనము నశించెను. మిగిలినవారిలో అనేకులు వలసపోయిరి. 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనాభా సుమారు 7,38,000. 1841 నాటికది సుమారు 5,61,000 మాత్రమే. గోదావరి నిండుగా పారుచు సముద్రమున కలియుచుండగా ఒడ్డుననున్న రైతు పస్తుండెను. కాటన్ ఈ వైపరీత్యమును పరిశీలించి నివేదికలు పంపగా 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచి 1852లో పూర్తియయ్యెను. ఈ పనిలో వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి.

1860 ప్రాంతమున స్వదేశము చేరిన కాటన్‌కు మరుసటి యేట సర్ బిరుదము లభించెను. అప్పటికి హిందూదేశమున రైలుమార్గముల నిర్మాణము ముమ్మరముగా సాగుచుండెను. రైలు కంపెనీల మూలధనమునకు నూటికి 5 వంతున వడ్డీ ముట్టునని సర్కారు పూచీపడెను. రాబడి చాలని యెడల ఆ లోటును ఈ దేశపు పన్నులనుండియే పూరింపవలసియుండెను. లాభము కంపెనీవారికి, నష్టము రైతుకు అను ఈ యేర్పాటును కాటన్ నిర్భయముగా ఖండించెను.

ఆయన లెక్క తీరు వేరు. కాలువ త్రవ్వించిన ఖర్చుకు ఎదురుగా శిస్తును, నీటితీరువను మాత్రమే జమకట్టుట చాలదనెను. రైతుయింట మిగిలిన ధాన్యము, పడవపై సరుకు పోవుటచే తగ్గిన కేవు, కరవు రాకుండుటచే నిలిచిన ప్రాణములు కూడ జమయందు చేరవలెను. పైరునకు నీరిచ్చు కాలువయే పడవకు మార్గము కాగలదు. రైలు ధాన్యమును మోయునేకాని పండింపదు. కావున నదులన్నిటిని కాలువలతో కలిపి దేశమంతటను జలమార్గములు కల్పింపవలెనని ఆయన బోధించెను. ప్రతిపక్షులును ఊరకుండలేదు. రైలు వేగముగా పోవును, వేసవిలోను ఆగదు, నీరెక్కని మెట్టసీమలకును చేరును అని వారు వాదించిరి. ఆ మాటలును తోసివేయదగినవి కావు.

ఆయన వాదమునకు గట్టి దెబ్బ తెలుగుదేశముననే తగిలెను. తుంగభద్రపై సుంకేసుల వద్ద కట్టవేసి కర్నూలు కడప కాలువ త్రవ్వుటకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. రైళ్లకిచ్చిన పూచీవంటిదే దీనికిని లభించెను. అంచనాలు మించి ఖర్చయ్యెను. నల్లరేగడి నేలలో మెట్టపైర్లకలవాటుపడిన రైతులు నీరు కొనుటకు అంతగా ముందుకు రాలేదు. 1882లో సర్కారే ఆ కాలువను స్వాధీనపరచుకొనెను. డెల్టానేలకు సరిపడిన లెక్క ప్రతి నేలకును సరిపడదని ఈ దృష్టాంతము తెలుపుచున్నది.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును మహాకరవు పీడించెను. అప్పుడు కాటన్ మాటలు మరల జనుల చెవినబడెను. జాన్ బ్రైట్ వంటి రాజనీతిజ్ఞులును, ఫ్లారెన్స్ నైటింగేల్ వంటి పరోపకారపరాయణులును నీటిపారుదల పక్షము వహించిరి. 1878లో పార్లమెంటు సంఘము ఈ విషయమును విచారించెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు ప్రశ్నలకెదురొడ్డి నిలిచెను. రైళ్లకు బదులు జలమార్గములనెడి ఆయన సిద్ధాంతమును సంఘమువారు అంగీకరింపలేదు.

ఓటమిచే ఆయన క్రుంగలేదు. డార్కింగ్ పట్టణమున నివసించుచు, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేసెను. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల వయసున పరమపదించెను. మరుసటి సంవత్సరమున ఆయన కుమార్తె తండ్రి చరిత్రను ప్రకటించెను.

కాలము ఇరుపక్షముల లెక్కను సరిచూచినది. 1880 నాటి కరవు కమీషను రైళ్లను, నీటిపనులను రెంటిని కరవు నివారణకు ఆవశ్యకములని తలచెను. డెల్టాలో సరుకుల పడవలు క్రమముగా కనుమరుగయ్యెను. ఆ విషయమున రైలును, రోడ్డును గెలిచినవి. కాని నీరు మాత్రము ఓడలేదు. పాత ఆనకట్టకు బదులు నిర్మింపబడి 1982లో జాతికంకితమైన బారేజి ఆయన పేరనే వెలయుచు, ఇంచుమించు 10 లక్షల ఎకరములకు నీరందించుచున్నది. ఖర్చు నేడే కనబడును, ఫలము తరతరములకు గాని కనబడదు. అట్టి పనులకు లెక్క వ్రాయునపుడు ఎంత దూరము చూడవలెనో కాటన్ జీవితము బోధించుచున్నది. గ్రామమున చెరువు త్రవ్వించువారికిని, బడి పెట్టించువారికిని, గ్రంథాలయము నిలుపువారికిని ఆ లెక్కయే ప్రమాణము.