మట్టిని చదివించిన గురువు: జార్జ్ వాషింగ్టన్ కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఏ సంవత్సరంలో జన్మించారో ఆయనకే తెలియదు. బానిసల బిడ్డల పుట్టుక తేదీలు వ్రాసి ఉంచాలన్న పట్టింపు ఆనాటి యజమానులకు లేదు. 1864 ప్రాంతమని పరిశోధకుల అంచనా. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు నైరుతి మూలన, డైమండ్ గ్రోవ్ అనే పల్లెలో మోజెస్ కార్వర్ అనే రైతు కొనుక్కున్న బానిస స్త్రీ మేరీ ఆయన తల్లి. అంతర్యుద్ధపు అరాచకంలో ఒక దోపిడీ ముఠా ఆ తల్లీబిడ్డలను ఎత్తుకుపోయింది. మోజెస్ పంపిన మనిషి పసివాణ్ణి మాత్రమే వెదకి తేగలిగాడు. అందుకు ప్రతిఫలంగా మోజెస్ అతనికి ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి ఆచూకీ మరి తెలియలేదు.

1865లో బానిసత్వం రద్దయిన పిమ్మట మోజెస్, సుసాన్ దంపతులే ఆ బాలుణ్ణీ, అతని అన్ననూ పెంచారు. బలహీనమైన శరీరం కావడంతో జార్జ్ పొలం పనులకు పనికిరాలేదు. సుసాన్ వద్ద వంట, ఉతుకు, కుట్టుపని నేర్చుకున్నాడు. తీరిక దొరికితే చాలు, అడవికి పోయేవాడు. పొదల చాటున తనదైన చిన్న తోటను పెంచి, వాడిపోతున్న మొక్కలను తెచ్చి, మట్టి మార్చి, నీడ మార్చి బ్రతికించేవాడు. చుట్టుపక్కల ఇల్లాండ్రు తెగులు సోకిన తమ పూలమొక్కలను ఆ పిల్లవానికి చూపించి సలహా అడిగేవారు. ఆయన శాస్త్రజ్ఞానానికి తొలి పాఠశాల అదే.

అసలు పాఠశాల మాత్రం అంత సులభంగా దక్కలేదు. ఊరి బడి తెల్లవారి పిల్లలకే. సుమారు 8 మైళ్ల దూరాన ఉన్న నియోషో పట్టణంలో నల్లవారి బడి ఒకటి ఉందని విని, ఇల్లు విడిచి అక్కడికి చేరాడు. మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంట పనులు చేస్తూ చదువుకున్నాడు. తరువాత కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరిగి, బట్టలు ఉతికి, వంట చేసి హైస్కూలు చదువు సాగించాడు. అక్కడి ఒక కళాశాల ఉత్తరం ద్వారా చేర్చుకొని, తీరా వెళ్లి నిలబడ్డాక శరీరవర్ణం చూసి వెనుకకు పంపివేసింది. మళ్లీ కళాశాల గడప తొక్కడానికి ఆయనకు కొన్నేళ్లు పట్టింది.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చిత్రకళా విద్యార్థిగా చేరారు. అక్కడి ఉపాధ్యాయిని ఎట్టా బడ్, ఈ శిష్యుని కుంచె కంటే మొక్కల మీద అతనికి గల చూపు గొప్పదని గుర్తించారు. ఆమె తండ్రి అయోవా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యులు. ఆమె ప్రోత్సాహంతో కార్వర్ 1891లో అక్కడ చేరి, 1894లో పట్టభద్రులై, 1896లో ఎం.ఎస్. పట్టం పొందారు. ఆ కళాశాలలో తొలి నల్లజాతి విద్యార్థి, తొలి నల్లజాతి అధ్యాపకుడు ఆయనే. మొక్కల కోసం పొలాల వెంట తిరిగేటప్పుడు ఒక సహోద్యోగి కుమారుణ్ణి చేయి పట్టుకొని వెంట తీసుకువెళ్లి పుష్పాల భాగాలు చూపించేవారు. ఆ బాలుడు హెన్రీ వాలెస్. పెరిగి మొక్కజొన్న సంకరజాతుల మీద కృషి చేసి, 1933లో అమెరికా వ్యవసాయ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు అయ్యారు.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు అందింది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో ఆయన 1881లో స్థాపించిన విద్యాలయంలో వ్యవసాయ శాఖను నడపాలి. జీతం ఏటికి వేయి డాలర్లు, వసతి. నాడు అక్కడ చదివేవారిలో ఎక్కువమంది హైస్కూలు స్థాయి, అంతకు దిగువ స్థాయి విద్యార్థులు. వ్యవసాయం అంటే పిల్లలకు ఇష్టం లేదు. దుక్కి దున్నే బ్రతుకు నుంచి తప్పించుకోవడానికే కదా వారు చదువుకు వచ్చింది! పైగా ప్రయోగశాల అన్న మాటే గాని పరికరాలు లేవు. కార్వర్ పిల్లలను వెంటబెట్టుకొని చెత్తకుప్పలు వెదికించారు. పగిలిన సీసాల మెడలు కోసి గాజుపాత్రలుగా మలిచారు. సిరాబుడ్డిలో వత్తి వేసి దీపం చేశారు. దళసరి టీ కప్పు కల్వమైంది. డబ్బు లేదన్న సాకుతో చదువు ఆగరాదని చెప్పే పాఠం అంతకంటే ఏముంటుంది?

పరిశోధన క్షేత్రానికి దక్కినది కూడా చవుడు దేలి, గండ్లు పడిన నేలే. దశాబ్దాల తరబడి పత్తి మీద పత్తి వేసి దక్షిణాది భూములు సారం కోల్పోయాయి. సగపాలుకు సేద్యం చేసే నల్ల రైతు కొట్టువాని వద్ద అప్పు, భూస్వామి వద్ద అప్పు. ఎరువు కొనే స్తోమత ఏది? అందుచేత కార్వర్ కొననక్కరలేని ఎరువును వెదికారు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల బురద, పెంట కలిపి మాగబెట్టించారు. పత్తి తరువాత అలసంద, చిలగడదుంప, వేరుశనగ వంటివి మార్చి మార్చి వేయమన్నారు. అలసంద, వేరుశనగ మొక్కల వేళ్లను పెరికి చూపి, వాటి బుడిపెలలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే తీరును విద్యార్థులకు బోధించారు. వేరుశనగ కాయ ఇంటికి తిండి, వేరు నేలకు బలం.

ఇక్కడ ఒక విచిత్రం గమనింపదగినది. అలబామాలో ఒకే పంట జాడ్యానికి మందుగా వచ్చిన ఈ వేరుశనగే, ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అనంతపురం జిల్లాలో వానాధారపు చేలలో చాలావాటిని ఆక్రమించి తానే ఒకే పంటగా మారింది. కార్వర్ పాఠంలో ప్రధానమైనది కాయ కాదు, పంట మార్పిడి.

ఆయన వ్రాసిన సుమారు 44 కరపత్రాలలో 1910 నాటిది గ్రామీణ పాఠశాలల్లో ప్రకృతి పరిశీలన, తోటపనికి సంబంధించినది. విత్తనం మొలకెత్తే తీరు, నేల స్వభావం, తోట పని పిల్లలకు ఎట్లా నేర్పాలో ఉపాధ్యాయులకు అందులో తెలిపారు. బడికి రాలేని రైతుల కోసం 1906లో బడే బండెక్కింది. న్యూయార్క్ దాత మోరిస్ జెసప్ పేర గుర్రాలు లాగే ఆ బండిలో నాగలి, విత్తనాలు, పాలు చిలికే పరికరాలు వేసుకొని ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేవారు. అదే ఏడు ఆ బాధ్యత చేపట్టిన టస్కీగీ విద్యార్థి థామస్ క్యాంప్‌బెల్, అమెరికా వ్యవసాయ శాఖ నియమించిన తొలి నల్లజాతి విస్తరణాధికారి.

ఇంతటి గురువు పరిపాలనలో మాత్రం సమర్థుడు కాడు. కోళ్ల పెంపకం లెక్కలు సరిపోక వాషింగ్టన్‌తో పేచీలు, రాజీనామా బెదిరింపులు పలుమార్లు జరిగాయి. 1921లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ఎదుట వేరుశనగ ఉత్పత్తులు ప్రదర్శించిన పిమ్మట దేశమంతటా పేరు మారుమ్రోగింది. మూడు వందల వస్తువులు చేశారన్న కీర్తి వ్యాపించింది గాని, వాటిలో చాలావాటి తయారీ సూత్రాలు ఆయన వ్రాసి ఉంచలేదు. పొందిన పేటెంట్లు మూడే. వేరుశనగ వెన్న ఆయన కనిపెట్టినదన్న ప్రచారం కూడా నిజం కాదు; అంతకు పూర్వమే ఇతరులు దానికి పేటెంట్లు పొందారు. అప్పులో కూరుకున్న పాలికాపు బ్రతుకును ఎరువు ఒక్కటే మార్చలేకపోయింది కూడా. అయితే నేల, మొక్క, పురుగు, మనిషి ఒకదానితో ఒకటి ముడిపడినవని పల్లె పిల్లలకు చేతులతో తాకి తెలుసుకునేలా నేర్పిన ఆయన కృషిని ఇటీవలి చరిత్రకారులు పర్యావరణ దృష్టితో మళ్లీ విలువ కడుతున్నారు.

వివాహం చేసుకోలేదు. పాత కోటుకు ప్రతిదినం ఒక పువ్వు గుచ్చుకొని తిరిగేవారు. జీవితమంతా కూడబెట్టిన దాదాపు 60 వేల డాలర్లను పరిశోధన కోసం స్థాపించిన నిధికి ఇచ్చివేశారు. 1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశారు. వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయననూ ఖననం చేశారు. అదే సంవత్సరం జూలైలో, ఆయన పుట్టిన డైమండ్ గ్రోవ్ పొలాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. బానిసగా పుట్టిన బిడ్డ మొక్కలకు వైద్యం చేసిన అడవి అంచు ఇప్పుడు ఆ స్మారకంలో భాగం.