రైతుబిడ్డ బాంటింగ్

ఎనిమిదో నెలలో మా వదినకు షుగరు పెరిగింది. జనగామలో డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది. సూది ఒకసారి మొదలుపెడితే జన్మలో వదలదని, కడుపులో బిడ్డకు తగులుతదని ఇంట్లో అందరూ భయపడ్డరు. సైన్సు చదివేటోణ్ణని నన్నడిగిండ్రు. నేను బాంటింగ్ సంగతి చెప్పిన.

ఫ్రెడరిక్ బాంటింగ్ 1891 నవంబరు 14న కెనడాలోని అలిస్టన్ దగ్గర ఒక రైతు ఇంట జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా గాయపడ్డాడు. తర్వాత తెరిచిన దవాఖానకు రోగులు అంతంతమాత్రమే. 1921లో టొరాంటోలో, మెక్లియోడ్ ప్రయోగశాలలో, విద్యార్థి బెస్ట్ తోడుగా కుక్కల క్లోమం నుంచి చక్కెరను తగ్గించే రసం తీశాడు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు వేసిన మొదటి సూది ఫలించలేదు. కోలిప్ శుద్ధి చేసిన మందుతో ఆ పిల్లవాడు కోలుకున్నాడు. 1923లో మెక్లియోడ్‌తో కలిసి నోబెల్ అందుకున్న బాంటింగ్, తన సొమ్ములో సగం బెస్ట్‌కిచ్చాడు. పేటెంటు హక్కును బాంటింగ్, బెస్ట్, కోలిప్ ముగ్గురూ ఒక్కో డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1941లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు.

ఇన్సులిన్ రాకముందు షుగరున్న స్త్రీకి గర్భమే ప్రాణగండం. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డ అతిగా పెరుగుతుంది. సూదిలోని ఇన్సులిన్ దాదాపు చేరదు. గర్భంతో వచ్చిన షుగరైతే, కాన్పు తర్వాత చాలామందికి సూది అక్కరుండదు; పరీక్ష మాత్రం మళ్ళీ చేయించుకోవాలి.

వదిన మాట్లాడకుండ విన్నది. కాన్పుకు మానుకోట, పుట్టింటికి పోయేటప్పుడు మందు సీసా అడిగి తీసుకపోయింది.