తర్క నీతిశాస్త్రముల విద్యార్థి : సర్వేపల్లి రాధాకృష్ణన్

ఏటేటా సెప్టెంబరు 5వ తేదీన మన కళాశాలలలో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చిత్రపటానికి పూలమాల వేసి, ఆయన అలంకరించిన పదవులను వరుసగా చదివి, సభ ముగించడం ఆనవాయితీ. ఆ పదవుల జాబితా మన విద్యార్థులందరికీ కంఠస్థమే. అయితే ఆ మహనీయుడు కూడ ఒకనాడు మనవలెనే బల్లమీద కూర్చుండి తర్కశాస్త్రపు తొలి పాఠాలను వల్లెవేసిన విద్యార్థి అనీ, ఆ పాఠాలను తన ఆచార్యుల అభిప్రాయాలమీదనే ప్రయోగించి చూచిన సాహసి అనీ తెలిసినవారు తక్కువ. ఈ వ్యాసంలో రాష్ట్రపతి రాధాకృష్ణన్ కంటె ఆ విద్యార్థికే ఎక్కువ చోటు ఇవ్వదలచాను.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. తండ్రి వీరాస్వామి, తల్లి సీతమ్మ. పూర్వికులది నెల్లూరు మండలంలోని సర్వేపల్లి గ్రామం. ఇంటిపేరు ఆ ఊరినుండి వచ్చినదే. తండ్రి జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఇంట తెలుగు, వెలుపల తమిళం, చదువు ఇంగ్లీషు. ఆర్థికంగా ఇబ్బందులు పడిన సంసారం కావడంతో కుమారుని చదువు చాలవరకు ఉపకారవేతనాల ఆధారంగానే సాగింది.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆయన విద్యాభ్యాసంలో అధికభాగం క్రైస్తవ మిషనరీల విద్యాలయాలలోనే జరిగింది. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేరారు. 1900లో వేలూరు వూర్హీస్ కళాశాలకు వెళ్ళారు. ఆ తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ప్రవేశించారు. వేంకటేశ్వరుని సన్నిధిలో పెరిగిన బాలుడు బైబిలు పాఠంతో దినచర్య మొదలయ్యే పాఠశాలలలో పన్నెండేండ్లు గడిపాడన్నమాట. ఒక మతంవారు నెలకొల్పిన విద్యాలయంలో వేరొక మతంవారి పిల్లలు చదువుకొనడం మనవంటి కళాశాలలవారికి వింత కాదు. కాని ఆ చదువు ఆ బాలుని మనస్సులో ఎంతటి సంఘర్షణను రేపిందో తెలిసికొంటేనే తరువాతి కథ బోధపడుతుంది.

మద్రాసు క్రిస్టియన్ కళాశాల అప్పటికింకా తాంబరం తరలిపోలేదు. నగరం నడిబొడ్డున జార్జిటౌనులో ఉండేది. బి.ఎ.లో ఏ విషయం తీసికొనవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు రాధాకృష్ణన్ గారిని తత్త్వశాస్త్రంవైపు నడిపినది జిజ్ఞాస కాదు, గురూపదేశమూ కాదు. ఆ యేడే పట్టభద్రుడైన జ్ఞాతి సోదరుడొకరు తన పాఠ్యపుస్తకాలను ఆయనకు ఇచ్చివేశాడు. అవి మూడు : స్టౌట్ రచించిన మనస్తత్త్వశాస్త్రం, వెల్టన్ రచించిన తర్కశాస్త్రం, మెకెంజీ రచించిన నీతిశాస్త్రం. పుస్తకాలు ఉచితంగా లభించినవి కనుక ఆ విషయమే తీసికొన్నారు! కొనగలిగే స్తోమత ఉండి ఉంటే ఏ భౌతికశాస్త్రమో, గణితమో చదివి ఉండేవారేమో! ఈ సంగతిని ఆయన తన పెద్దతనంలో దాచుకొనలేదు. అది కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయక, జీవితంలో యాదృచ్ఛికంగా కనిపించే సంఘటనలనుగూర్చి ఆలోచించడానికి దానినొక నిదర్శనంగా చెప్పుకొన్నారు.

ఆ పుస్తకాలలో ఏమున్నది? ఉర్దూ మాధ్యమపు మిత్రులు మంతిఖ్ అనీ అఖ్లాఖ్ అనీ పిలిచే రెండు శాస్త్రాల ప్రాథమిక సూత్రాలున్నవి. తర్కశాస్త్రం ఆలోచన నడవవలసిన తీరును చెబుతుంది : పదమంటే ఏమి, వాక్యమంటే ఏమి, రెండు ఆధారవాక్యాలనుండి మూడవ వాక్యాన్ని ఏ నియమంతో రాబట్టవచ్చు, ఏ నియమం తప్పితే హేతువు హేత్వాభాసంగా మారుతుంది. ఇక నీతిశాస్త్రం మనుష్యుడు నడవవలసిన తీరును విచారిస్తుంది : సంకల్పమంటే ఏమి, కర్తవ్యానికి మూలం ఫలమా, నియమమా, శ్రేయస్సంటే సుఖమేనా. పరీక్షకు చదివేవానికి ఇవి నిర్వచనాల మూటలు. కాని ఒక నిజమైన సందేహం మనస్సును తొలుస్తున్నవానికి ఇవే పనిముట్లు. రాధాకృష్ణన్ గారికి అటువంటి సందేహం అదే కళాశాలలో సిద్ధంగా ఉన్నది.

ఆనాటి మిషనరీ పండితులలో పలువురి అభిప్రాయం ఇది : హిందూ వేదాంతం ఎంత ఉన్నతమైన తత్త్వమైనా దానిలో నీతికి చోటు లేదు. ఈ మాట తరగతి గదిలోనూ, ఉపన్యాసాలలోనూ, పుస్తకాలలోనూ వినబడేది. పాతికేళ్ళు నిండని హిందూ యువకునికి అది ఎటువంటి గాయమో ఊహించవచ్చు. వివేకానందస్వామి ప్రసంగాలు అప్పటికి దేశమంతటా మారుమ్రోగుతున్నవి. వాటినుండి ఈ యువకుడు ధైర్యం పొందాడు. కాని ధైర్యం సమాధానం కాదు గదా! ఆవేశంతో లేచిపోయి ఆ కళాశాలను దూషించడం ఒక మార్గం. తలవంచి ఆ మాటను అంగీకరించడం ఇంకొక మార్గం. మూడవది కష్టమైనది : ఆ వాదాన్ని వారు నేర్పిన తర్కంతోనే విప్పి చూడడం. విమర్శకుల మాటలే తనను హిందూధర్మంలో సజీవమైనది ఏది, నిర్జీవమైనది ఏది అని పరిశీలించేటట్లు చేసినవని ఆయన తరువాత ఒప్పుకొన్నారు. అనగా తనవారిదంతా సమర్థించవలెనన్న పట్టుదల ఆయనకు మొదటినుండీ లేదు.

మన విద్యార్థుల సౌలభ్యంకోసం ఆ వాదాన్ని తర్కశాస్త్రపు మూసలో పోసి చూద్దాం. మిథ్య అయినదానిలో చేసే కర్మకు విలువ ఉండదు. వేదాంతం ప్రకారం జగత్తు మిథ్య. కనుక వేదాంతం ప్రకారం జగత్తులో చేసే కర్మకు విలువ లేదు. పైకి చూడగా కడు పొందికగా ఉన్నది. అయితే ఉభయ వాక్యాలనూ కలిపే మధ్యపదం ‘మిథ్య’ అన్నది ఒకే అర్థంలో వాడబడిందా? మొదటి వాక్యంలో దానికి ‘బొత్తిగా లేనిది’ అని అర్థం. రెండవ వాక్యంలో అద్వైతి చెప్పే అర్థం అది కాదు. స్వతంత్రమైన ఉనికి లేక, బ్రహ్మముమీద ఆధారపడి నిలిచినదని. మధ్యపదానికి రెండర్థాలు ఉన్నప్పుడు ముడి వీడిపోతుంది, తీర్మానం నిలువదు. మన నైయాయికులు వాక్ఛలం అని హెచ్చరించినది దీనికి దగ్గరి దోషమే. పైగా శంకరుల సంప్రదాయంలో శమదమాదులు లేనివానికి బ్రహ్మవిచారంలో అడుగుపెట్టే అర్హతే లేదు. నీతి మెట్టు ఎక్కనిదే తత్త్వం గడప కనబడదన్నప్పుడు, నీతికి చోటులేదనడం ఎట్లు పొసగుతుంది? ఈ మూస నేను పోసినదే గాని ఆయన ప్రబంధంలోనిది కాదు. ఆయన సాధించదలచిన విషయం మాత్రం ఇదే : వేదాంతంలో నీతికి చోటున్నది, ఆ నీతికి తాత్త్విక పునాది కూడ ఉన్నది.

ఎం.ఎ. పట్టానికై ఒక ప్రబంధం సమర్పింపవలసి ఉండగా ఆయన ఏరికోరి ఎన్నుకొన్న విషయం వేదాంతంలోని నీతి, దాని తాత్త్విక ప్రాతిపదికలు. అది 1908లో గ్రంథరూపంలో వెలువడేనాటికి ఆయనకు ఇరువదేండ్లు. తత్త్వశాస్త్రాచార్యులు ఎ.జి. హాగ్ గారు స్కాట్లండు దేశీయుడు, స్వయంగా మిషనరీ. కర్మసిద్ధాంతాన్నీ క్రైస్తవుల విమోచన భావననూ పక్కపక్కన నిలిపి విచారించిన గ్రంథాన్ని 1909లో ప్రచురించినవాడు. అట్టివారి యెదుట, వారి పక్షాన్నే పూర్వపక్షంగా పెట్టి వ్రాసిన ప్రబంధాన్ని ఉంచడమంటే సామాన్యమైన విషయం కాదు. ఆచార్యులు నొచ్చుకొంటారేమోనని రాధాకృష్ణన్ గారు చాల భయపడ్డారు. పట్టం పోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఆ సంసారానికి ఆధారం లేదు. అప్పటికే ఆయన గృహస్థు కూడాను.

హాగ్ గారు నొచ్చుకొనలేదు. తాత్త్విక సమస్యలోని ప్రధానాంశాలను ఈ విద్యార్థి చక్కగా గ్రహించాడనీ, చిక్కైన వాదాన్ని సునాయాసంగా నడపగలడనీ, ఇంగ్లీషు భాషమీద సామాన్యులకు మించిన అధికారం కలవాడనీ యోగ్యతాపత్రం వ్రాసి ఇచ్చారు. తన మతాభిప్రాయంతో ఏకీభవించని విద్యార్థి శక్తిని హాగ్ గారు తక్కువచేసి చూపలేదు. నీతిశాస్త్రాన్ని బోధించే ఆచార్యునికి తన నీతి పరీక్షకు వచ్చిన సందర్భమది. రాధాకృష్ణన్ గారి జీవితచరిత్రలు ఈ ఘట్టాన్ని రెండు మూడు పంక్తులలో దాటిపోతాయి. నా దృష్టిలో ఆయన జీవితంలో దీనికి మించిన ఘట్టం లేదు. శిష్యుడు సాహసించడం ఎంత గొప్పదో, గురువు సహించడం అంతకంటె గొప్పది; ఏది లేకున్నా రెండవది వ్యర్థమై ఉండేది.

1909 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర శాఖలో నియామకం లభించింది. అప్పటినుండి ఒకవంక ఉపనిషత్తులు, గీత, బ్రహ్మసూత్ర భాష్యాలు, బౌద్ధ జైన గ్రంథాలు. ఇంకొకవంక ప్లేటో, ప్లొటైనస్, కాంట్, బ్రాడ్లీ, బెర్గ్‌సన్. 1911లో గీతలోని నీతిని కాంట్ నీతితో పోల్చి ఆయన వ్రాసిన వ్యాసం నీతిశాస్త్రానికి సంబంధించిన ప్రసిద్ధ అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. 1914లో అదే పత్రికలో వేదాంతాన్నీ మాయావాదాన్నీ గూర్చి వ్రాశారు. విద్యార్థిదశలో మొదలైన ప్రశ్నను వదలలేదన్నమాట. 1916లో అనంతపురం, 1917లో రాజమండ్రి కళాశాలలలో మన తెలుగు విద్యార్థులకు పాఠం చెప్పే భాగ్యం కలిగింది, వారికని చెప్పవలెను. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు వెళ్ళారు. 1921లో అక్కడినుండి కలకత్తా బయలుదేరినప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పివేసి, తామే బండిని రైలుస్టేషనుదాకా లాగిన ముచ్చట అందరూ ఎరిగినదే.

కలకత్తాలో ఆయన అధిష్ఠించిన పీఠం పేరు మానసిక నైతిక శాస్త్రాల పీఠం. 1936లో ఆక్స్‌ఫర్డులో లభించిన స్పాల్డింగ్ పీఠం పేరు ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రం. జ్ఞాతి ఇచ్చిన మూడు పాతపుస్తకాలలో చివరిదాని పేరు రెండు పీఠాలమీదనూ ఉన్నది. 1923, 1927 సంవత్సరాలలో భారతీయ తత్త్వశాస్త్రంపై రెండు సంపుటాలు వెలువడి కీర్తి దేశాంతరాలకు ప్రాకింది.

కీర్తితోబాటు ఒక అపవాదు కూడ వచ్చింది. దానిని మరుగుపరచి జీవితం వ్రాయడం నీతిశాస్త్రాన్ని గూర్చిన వ్యాసానికి తగదు. కలకత్తా విశ్వవిద్యాలయానికి పరిశోధన ప్రబంధం సమర్పించిన జదునాథ్ సిన్హా, తన రచనలోని భాగాలను రాధాకృష్ణన్ గారు తన గ్రంథంలో వాడుకొన్నారని 1929లో బహిరంగంగా ఆరోపించి కోర్టుకు వెళ్ళాడు. రాధాకృష్ణన్ గారు ఆరోపణను నిరాకరించి ప్రతిదావా వేశారు. 1933లో ఇరువురూ రాజీపడగా వ్యవహారం తీర్పు లేకుండానే ముగిసింది. న్యాయస్థానం దోషి అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. మనం తీర్పరులం కాలేము. అయితే ఒకనాడు హాగ్ గారి ముందు భయపడుతూ నిలిచిన శిష్యుడు, పాతికేళ్ళు గడువకముందే తానే గురుస్థానంలో ఉండి ఇంకొక విద్యార్థితో వ్యాజ్యమాడవలసి రావడం చదువరిని ఆలోచింపజేయక మానదు.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా వాల్తేరులో ఉన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు నాటిన మొక్కకు నీరుపోసి పెంచినవారు ఈయనే. అధ్యాపకులను ఎన్నుకొనడంలో ప్రాంతం, మతం చూడలేదు. ఆక్స్‌ఫర్డులో చదివివచ్చిన బెంగాలీ యువకుడు హుమాయూన్ కబీర్‌ను 1932లో వాల్తేరుకు రప్పించారు. కబీరు గారు తరువాత కాలంలో కేంద్రమంత్రి అయిన సంగతి తెలిసినదే.

స్వాతంత్ర్యానంతరం 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి ఆయన అధ్యక్షులు. మన హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు అందులో సభ్యులు. 1949లో సమర్పించిన నివేదికలో వారు చేసిన ఒక సూచన మన కళాశాలలవారు చదువదగినది. డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, సోక్రటీసు, యేసు, శంకరుడు, మహమ్మదు ప్రవక్త, కబీరు, నానక్ మున్నగువారి జీవితచరిత్రలు చెప్పవలెను. రెండవ సంవత్సరంలో ప్రపంచ మతగ్రంథాలనుండి ఏరిన భాగాలు. మూడవ సంవత్సరంలోగాని మతతత్త్వంలోని మూలప్రశ్నలు తీసికొనరాదు. ముందు మనుష్యులను తెలిసికొని, పిమ్మట వారి గ్రంథాలు చదివి, చివరకు వాదానికి దిగవలెనన్న ఈ క్రమం, ఇతరుల మతంపై తొందరపాటు తీర్మానాలు విని బాధపడిన విద్యార్థి అనుభవంనుండి వచ్చినదని నా ఊహ. ఆ సూచన చాలచోట్ల కాగితంమీదనే ఉండిపోయింది.

మాస్కోలో రాయబారిత్వం, 1952 నుండి ఉపరాష్ట్రపతి పదవి, 1954లో భారతరత్న, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి పదవి, ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. 1967 మే నెలలో ఆ పీఠాన్ని తనతో ఒకప్పుడు విద్యా సంఘంలో పనిచేసిన జాకిర్ హుసేన్ గారికి అప్పగించి, రాధాకృష్ణన్ గారు మద్రాసులోని స్వగృహానికి తిరిగివచ్చారు. 1975 ఏప్రిల్ 17న ఆ నగరంలోనే కన్నుమూశారు. ఆయన చదివిన జార్జిటౌను ఆ ఇంటికి కొద్ది మైళ్ళ దూరమే.