బొమ్మల సమరాల వెల్స్

ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణంలో 1866 సెప్టెంబరు 21న హెర్బర్ట్ జార్జ్ వెల్స్ జన్మించినాడు. తండ్రి చిన్న దుకాణదారు. బాల్యంలో కాలు విరిగి మంచం పట్టినప్పుడు పుస్తకాలే అతనికి లోకమైనవి. బట్టల కొట్టులో పని నేర్చుకొనలేక విసిగి, పట్టుదలతో విద్య సాగించి, హక్స్‌లీ పండితుని వద్ద జీవశాస్త్రం అభ్యసించినాడు. కాలయంత్రం కథ 1895లోను, అంగారకవాసుల దండయాత్ర కథ 1898లోను వెలువడి అతనిని విశ్వవిఖ్యాతుని చేసినవి.

ఇంతటి రచయితకు ఇంట నేలపై బొమ్మలు పరచి ఆడుకొనడం పరమప్రీతి. ఇద్దరు కుమారులు, మిత్రులు ఆ ఆటలో భాగస్వాములు. ఆ వినోదమే 1913లో ‘లిటిల్ వార్స్’ అనే నియమగ్రంథమైనది. సీసపు సైనికులు, కొయ్యదిమ్మెల ఇండ్లు, స్ప్రింగు బలంతో చిన్న కొయ్యగుండును విసరే ఫిరంగి దాని సామగ్రి. కాల్బంటు ఒక వంతులో ఒక అడుగు, రౌతు రెండు అడుగులు కదలవచ్చును. చెంత నలుగురు స్వపక్ష సైనికులు లేనిదే ఫిరంగి పేలరాదు. వంతుకు గడియారమే హద్దు.

నిజమైన యుద్ధం ఎంతటి అవివేకమో ఈ ఆటయే బోధిస్తుందని వెల్స్ ఆ గ్రంథంలో హెచ్చరించినాడు. మరుసటి ఏడే, 1914లో, మహాసంగ్రామం చెలరేగినది. ఇదే యుద్ధాలకు అంతం కాగలదని నమ్మి, హెచ్చరించిన వెల్సే దానిని సమర్థించినాడు. ఆ నమ్మకం వమ్మయినది. 1914 నాటి నవలలో తాను ఊహించిన అణుబాంబు 1945లో హిరోషిమాను దగ్ధం చేయగా చూచి, 1946 ఆగస్టు 13న లండనులో కన్నుమూసినాడు.

నేల కూలిన సీసపు సైనికుని మరునాటి ఆటకు మరల నిలుపవచ్చును. కూలిన మనిషిని నిలుపగల నియమం ఏ గ్రంథంలోను లేదు.