కంటివెలుగు పంచిన డాక్టర్ ఫిలాతోవ్

కంటి నల్లగుడ్డు మీద అద్దంలాంటి పలుచని పొర ఒకటుంటుంది. దానినే కార్నియా అంటారు. గాయాలవల్ల గానీ, పుండ్లవల్ల గానీ అది తెల్లబడితే మన పెద్దవాళ్లు కంట్లో పువ్వు వేసిందంటారు. ముఖం ఎర్రబారే రొసేషియా అనే చర్మవ్యాధి సైతం కొందరిలో రెప్పలకు, అక్కడినుంచి కార్నియాకు పాకుతుంది. పుండై, ఒక్కోసారి చిల్లు పడేదాకా పోతుంది. అప్పుడు చుక్కల మందు చాలకపోతే, మరొకరి కార్నియా తెచ్చి అతకాల్సి రావచ్చు. ఈ వైద్యానికి బాట వేసినవారిలో వ్లాదిమిర్ ఫిలాతోవ్ ముఖ్యుడు.

ఆయన 1875లో రష్యాలోని పెంజా ప్రాంతంలో, మిహైలోవ్కా అనే పల్లెలో పుట్టినాడు. తండ్రి కూడా డాక్టరే. 1897లో మాస్కోలో వైద్యవిద్య ముగించి, 1903లో ఒడెస్సా నగరం చేరి, 1911లో అక్కడ ప్రొఫెసర్ అయినాడు.

1905లో ఎడువార్డ్ జిర్మ్ అనే డాక్టర్ ఒక కూలీకి కార్నియా అతికి చూపు తెప్పించినాడు. అయితే ఆ పొర ఒక బాలుడి దెబ్బతిన్న కంటినుంచి తీసినది. అలా తీసేసిన కళ్లు ఎన్ని దొరుకుతాయి? గుడ్డివాళ్లేమో లక్షల్లో ఉన్నారు. ఫిలాతోవ్ 1912లో చేసిన మొదటి ఆపరేషన్‌లో పొర అతుక్కుంది గానీ మసకబారింది. అయినా ఆయన వదిలిపెట్టలేదు.

మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చర్మాన్ని గొట్టంలాగా చుట్టి, దాని రక్తప్రసారం ఆగకుండా గాయం దగ్గరికి చేర్చే పద్ధతిని ఆయన 1916లో వాడి చూపినాడు. చెడిపోయిన ముఖాలను బాగుచేయడానికి అది ఎంతో పనికొచ్చింది.

అసలు ఘనకార్యం 1931లో జరిగింది. చనిపోయినవారి కళ్లను చల్లగా భద్రపరచి, ఆ కార్నియాలను బ్రతికున్నవారికి అతకడం మొదలుపెట్టినాడు. దానితో కొరత తీరే దారి దొరికింది. 1936లో ఒడెస్సాలో ఆయన ఆధ్వర్యంలో కంటి పరిశోధనాలయం వెలిసింది. రెండో యుద్ధకాలంలో తాష్కెంట్‌లో పనిచేసి, 1944లో తిరిగి వచ్చినాడు. ఆయన చెప్పిన కణజాల చికిత్స తర్వాతి పరీక్షలకు నిలవలేదు. కార్నియా పని మాత్రం నిలిచింది. 1956లో ఒడెస్సాలోనే కన్నుమూసినాడు.

నేటికీ ఈ ఆపరేషన్ అందరికీ ఒకేలా ఫలించదు. రొసేషియా వంటి జబ్బుల్లో కార్నియాలోకి రక్తనాళాలు పాకి ఉంటే, అతికిన పొరను శరీరం తోసిపుచ్చే ప్రమాదం ఎక్కువ. కాబట్టి కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంటే, వెలుతురు చూడలేకపోతుంటే ఆలస్యం చేయరాదు. ఇంకొక మాట: చనిపోయినవారి కళ్లను సాధారణంగా ఆరు గంటల్లోపు తీయాలి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు ఆ కొద్దిసేపట్లోనే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం కోసం ఎక్కడో ఒక చూపులేని మనిషి ఎదురు చూస్తుంటాడు.